వెనక్కి చూడకుండా తెడ్డు వేయడం

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: తను కళ్ళు మూసుకున్న వేళ పాప ఊపిరి ఆగిపోతుందని.

చీకటన్నా, పాములన్నా, కోపిష్టి మనుషులన్నా ఆమెకు లెక్క లేదు. భయమంతా ఆ జానెడు పొట్ట మీదే. పాపకు నలభై రోజులున్నప్పుడు ఛాతీలో నెమ్ము చేరి తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. అక్కడొక నర్సు పాప చొక్కా పైకెత్తి, "ఇదిగో, పొట్ట లేచి దిగితే ఒకటి. నిమిషానికి ఎన్నొస్తాయో లెక్కపెడుతూ ఉండు. అరవై దాటితే నన్ను పిలువు" అని గోడ గడియారం చూపించి వెళ్ళిపోయింది. ఎనిమిదో తరగతి మధ్యలో అమ్మ మంచం పడితే బడి మానేసిన మనిషి ఆమె. ఇన్నేళ్ళకు ఎవరో నమ్మి ఒక చదువు చేతిలో పెట్టినట్టనిపించింది. ఒళ్ళంతా కళ్ళు చేసుకుని నేర్చుకుంది. పాపకు నయమైంది, ఇంటికొచ్చారు. లెక్క మాత్రం ఆగలేదు.

ఇప్పుడు పాపకు ఏడాదిన్నర. ఇంట్లో గిన్నెలన్నీ కింద పడేస్తూ పరుగులు పెడుతోంది. అయినా తల్లి రాత్రికి ఏడెనిమిది సార్లు లేస్తుంది. ముక్కు కింద చూపుడువేలు పెడుతుంది. వెచ్చగా తగిలాక, పొట్ట మీద చూపు నిలిపి నిమిషం లెక్కపెట్టుకుంటుంది. మళ్ళీ పడుకునేసరికి ఇంకో భయం మేలుకుంటుంది. భర్త దూరప్రాంతాల బస్సు డ్రైవరు. ఇంట్లో ఉన్న రాత్రి, "దానికేం, రాయిలా ఉంది. నువ్వే బాగా లేవు" అని అటు తిరిగి పడుకుంటాడు.

నిజమే, ఆమె బాగా లేదు. నిద్ర లేనివాళ్ళకు పగలు కూడా సగం కలలాగే ఉంటుంది. మెట్లు మెత్తగా తగులుతాయి. మాటలు నీళ్ళ అడుగు నుంచి వచ్చినట్టు ఆలస్యంగా చేరతాయి.

ఆమె పని చేసేది ఒక పెద్ద హోటల్ నేలమాళిగలో, బట్టలుతికే గదిలో. అక్కడ కిటికీలుండవు. యంత్రాల హోరు, సబ్బు వాసన, పైపుల్లోంచి ఆవిరి నిట్టూర్పులు. దుప్పట్లు ఇస్త్రీ రోలరు కింద నుంచి తెల్లగా, వేడివేడిగా జారి వస్తుంటే ఇద్దరిద్దరు చెరో కొస పట్టుకుని మడతపెట్టాలి. రెండడుగులు ముందుకు, కొసలు కలపాలి, రెండడుగులు వెనక్కి. ఆమెకు జోడీ మైకక్క. యాభై దాటిన మనిషి. యంత్రాల మీదుగా వినపడాలని అరిచి అరిచి ఆమె గొంతు అక్కడే ఉండిపోయింది. ఎవరింటికైనా వెళ్తే ఆ వీధంతటికీ తెలుస్తుంది, అందుకే మైకు అన్న ఆ పేరు. పెదవులు కదిలిస్తూ ఎప్పుడూ ఏదో లెక్కపెట్టుకుంటుందని ఈ చిన్నదానికి 'లెక్కలపిల్ల' అని పేరు పెట్టింది కూడా మైకక్కే.

ఒకరోజు మధ్యాహ్నం లెక్కలపిల్ల కొసలు కలపడానికి రెండడుగులు ముందుకు వేసి, అలాగే నిలబడి నిద్రపోయింది. దుప్పటి చేతుల్లోనే ఉంది. తల మైకక్క భుజం మీద వాలింది. మైకక్క ఆ రోజు మొదటిసారి గొంతు తగ్గించింది. కాసేపు కదలకుండా దుప్పటితో పాటే ఆమెను పట్టుకుని నిలబడి, తర్వాత చెవిలో, "ఇలా ఇంకో నెల ఉంటే రోలరు కింద పడతావే పిల్లా" అంది.

మర్నాడు హోటల్ కౌంటరు మీద దొరికిందంటూ ఒక కాగితం తెచ్చింది. ఆడవాళ్ళకు మాత్రమే. కెనూ పడవల్లో నది మీద మూడు పగళ్ళు, రెండు రాత్రులు టెంట్లలో. గైడు కూడా ఆడమనిషే. అడుగున పెద్ద అక్షరాల్లో: ఏమీ రాకపోయినా ఫరవాలేదు.

"చూశావా, మన గురించే రాశారు" అంది మైకక్క. "పడవకి ఇద్దరు కావాలంట. నేనొక్కదాన్నే ఎక్కితే ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతాను. నువ్వు రావాల్సిందే."

"పాపో?"

"పాపకి నాన్నమ్మ ఉందిగా. ఆవిడ నీ మొగుణ్ణి పెంచింది. బస్సు నడిపేంతవాణ్ణి చేసింది."

ఇంట్లో అత్తగారితో ఈ మాట అంటే ఆవిడే కాదంటుంది, గొడవ వదిలిపోతుంది అనుకుంది లెక్కలపిల్ల. అత్తగారు కత్తిపీట పక్కకు జరిపి, "వెళ్ళిరా తల్లీ" అంది. "రెండు రాత్రులు నేనూ నా మనవరాలూ కాస్త నిద్రపోతాం. నువ్వు వేలు పెట్టినప్పుడల్లా అది ఉలిక్కిపడుతోంది, దాన్ని చూసి నేను ఉలిక్కిపడుతున్నాను."

"మీరు లెక్కపెడతారా అత్తయ్యా?"

"నేనేం లెక్కపెడతానే. నాకొచ్చినవి పది వేళ్ళు."

అయినా లెక్కలపిల్ల ఒక నోటు పుస్తకం కొని, గంటల వారీగా గళ్ళు గీసి, పెన్సిలు దారంతో కట్టి, మంచం కోడుకి వేలాడదీసి వెళ్ళింది. అత్తగారు దాన్ని చూసి నవ్వి, "పరీక్ష పెట్టి పోతోంది, చూడవే" అని పాపతో చెప్పింది.

నది దగ్గరకు వెళ్ళేసరికి పొద్దు బాగా ఎక్కింది. నీళ్ళు ఎటు పారుతున్నాయో తెలియనంత నెమ్మదిగా ఉన్నాయి. అవతలి గట్టు చెట్లు తలకిందులుగా నీళ్ళలో నిలబడి ఉన్నాయి. గైడమ్మ అరవైకి దగ్గరగా ఉన్న సన్నటి మనిషి, ఎండకు కమిలిన మోచేతులు, మెడలో ఈల. వాళ్ళతో పాటు మరో ఇద్దరు వచ్చారు: బ్యాంకులో పని చేసే ఆవిడ, ఆవిడ స్నేహితురాలు పళ్ళ డాక్టరు. పెద్ద పడవలు రెండు, ఇద్దరేసి మనుషులకు. గైడమ్మకు ఒంటరి మనిషి నడిపే చిన్న పడవ.

"పడవ గురించి తెలుసుకోవాల్సింది రెండే ముక్కలు" అంది గైడమ్మ. "వెనక కూర్చున్నామె దారి చూస్తుంది, ముందు కూర్చున్నామె వేగం ఇస్తుంది. ముందామె వెనక్కి తిరిగి చూడకూడదు. తిరిగితే నడుము తిరుగుతుంది, నడుముతో పడవ తిరగబడుతుంది. వెనక ఏమవుతోందో తెలియాలంటే నోటితో అడగండి. చూసే పని వెనకామెది."

తర్వాత ఇంకో పద్ధతి చెప్పింది. పొద్దున లేవగానే, రాత్రి పడుకోబోయే ముందు, ప్రతి మజిలీలో గొలుసు పిలుపు ఉంటుంది. గైడమ్మ బ్యాంకావిడను 'ఉన్నావా' అని అడుగుతుంది. ఆవిడ 'ఉన్నా' అని, డాక్టరమ్మను అడుగుతుంది. డాక్టరమ్మ మైకక్కను, మైకక్క లెక్కలపిల్లను. చివర లెక్కలపిల్ల గైడమ్మను అడగాలి. అప్పటికి గొలుసు మూసుకుంటుంది.

"మిమ్మల్ని నువ్వు అనాలా?" అంది లెక్కలపిల్ల బెదురుగా.

"గొలుసులో అందరూ నువ్వే. నీళ్ళకి మర్యాదలు తెలియవు."

లెక్కలపిల్లను ముందు కూర్చోబెట్టారు. పడవ ఒడ్డు వదిలింది. అడుగున రాళ్ళు పసుపుగా, తర్వాత పచ్చగా, తర్వాత ఏ రంగూ లేకుండా పోయాయి. తెడ్డు దింపితే చిన్న సుడి పుట్టి వెనక్కి వెళ్ళిపోతోంది. అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దమే ఆమెకు పడలేదు. వెనక మైకక్క మాట్లాడటం లేదు. జన్మలో మాట్లాడకుండా ఉండని మనిషి. ఏమైంది? ఉందా, జారి పడిందా? రాత్రిళ్ళు పాప వైపు తిరిగినట్టే, ఆలోచన పుట్టే లోపే నడుము తిరిగిపోయింది.

మైకక్క నోరు తెరిచి కొంగల వరసను చూస్తోంది. అది కనిపించిన మరుక్షణం ఆకాశం పక్కకు ఒరిగింది.

నీళ్ళు ఛాతీ లోతే. కానీ లెక్కలపిల్ల బోర్లాపడ్డ పడవ కింద చిక్కుకుని, అక్కడి ఆకుపచ్చ చీకట్లో కళ్ళు తెరిచి, ఇంత ప్రశాంతంగా ఉందేమిటి అనుకుంది. ఎవరో దూకిన చప్పుడు. సన్నటి గట్టి చేతులు ఆమె లైఫ్ జాకెట్ పట్టుకుని వెలుతురులోకి లాగాయి. గైడమ్మ తలనుంచి నీళ్ళు కారుతున్నాయి, రెండు మూడు సార్లు దగ్గింది. జేబులు తడుముకుంది. మళ్ళీ ఒకసారి తడుముకుని ఊరుకుంది.

"ఏమన్నా పోయిందా?" అంది లెక్కలపిల్ల వణుకుతూ.

"ఏం లేదు, తల్లీ. ఎందుకు తిరిగావు?"

"అక్క ఉందో లేదోనని."

మైకక్క గట్టు మీద చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ, "ఉన్నానే తల్లీ, నువ్వు ముంచేదాకా ఉన్నాను" అంది. గట్టు అవతలి పిట్టలు కూడా లేచిపోయాయి. ఆ సాయంత్రం ఆమె చీర ఉతికి ఆరేసి, గైడమ్మ ఇచ్చిన ప్యాంటు వేసుకుంది. తిరిగి ఇంటికి వెళ్ళేదాకా అది విప్పలేదు.

మొదటి రాత్రి ఎవరి చిన్న టెంట్లో వాళ్ళు. గొలుసు పిలుపు అయిపోయాక లెక్కలపిల్ల పడుకుని ఇంటి వైపు మనసు సాగదీసింది. ఇప్పుడు పాప ఏ పక్కకు తిరిగి ఉందో. అత్తగారి వేళ్ళకు పది దాకానే వచ్చు. అప్పుడు పక్క టెంట్లోంచి మైకక్క గురక మొదలైంది. అలవాటుగా లెక్కపెట్టింది. నిమిషానికి పద్నాలుగు. మళ్ళీ పద్నాలుగు. మూడో నిమిషం పూర్తయిందో లేదో ఆమెకు గుర్తులేదు. కళ్ళు తెరిచేసరికి టెంటు గుడ్డ నారింజ రంగులో ఉంది. తెల్లారింది.

ఏడాదిన్నరలో మొదటిసారి అంత నిద్ర పోయినందుకు సిగ్గు వేసింది. పాపను ఎవరికో అమ్మేసి వచ్చినట్టు.

రెండో రోజు నది వెడల్పయింది. గట్లు దూరంగా జరిగాయి. ఎండ నీళ్ళ మీద పడి పడవ అడుగుకు గిలిగింతలు పెడుతున్నట్టు వణికింది. లెక్కలపిల్ల ముందే కూర్చుంది, కానీ ఇప్పుడు తెడ్డు కుదిరింది. రెండడుగులు ముందుకు, కొసలు కలపాలి, రెండడుగులు వెనక్కి. దుప్పటి మడత లాంటిదే. మైకక్క వెనక అదే జోరు అందుకుంది. ఏళ్ళ తరబడి ఎదురెదురుగా చేసిన పనిని ఇప్పుడు ఒకే వైపు తిరిగి చేస్తున్నారు, అంతే తేడా. బ్యాంకావిడ, "మీరు ఇంతకుముందు నడిపారా?" అని అడిగింది. "రోజూ నడుపుతాం, నీళ్ళే ఉండవు" అంది మైకక్క.

ఆ ఎండ మత్తులో, సగం కలలో, ఒక్కొక్కసారి ముగ్గురు నలుగురు పాపలు ఆమె కళ్ళ ముందు నీళ్ళ మీద నడిచి వెళ్ళారు. ఒక్కొక్కసారి తన అమ్మ మంచం ఒకటి నెమ్మదిగా కొట్టుకుపోయింది. బడి గంట ఎక్కడో మోగింది. కళ్ళు నులుముకుంటే అది గైడమ్మ ఈల.

ఆ సాయంత్రం నది మధ్యలో ఒక ఇసుక తిప్ప మీద దిగారు. నెగడు వేస్తే గైడమ్మ మాత్రం పొగ తగలనంత దూరంలో, ఒంటరిగా, టీ గ్లాసు ఛాతీకి ఆనించుకుని కూర్చుంది. లెక్కలపిల్ల చూసింది కానీ, పెద్దవాళ్ళకు ఒంటరితనం ఇష్టమేమో అనుకుంది.

మూడో రోజు పొద్దున లేచి టెంటు తెరిస్తే లోకం లేదు.

మంచు. హోటల్లో ఉతికిన దుప్పట్లన్నీ ఎవరో ఒకేసారి దులిపి వదిలేసినట్టు. చేయి చాస్తే వేళ్ళు మసకబారుతున్నాయి. నది చప్పుడు కూడా మెత్తబడింది.

గొలుసు మొదలైంది. "ఉన్నావా?" అన్న గైడమ్మ గొంతు. "ఉన్నా" అని బ్యాంకావిడ. అలా ఒకరి మీదుగా ఒకరికి, కనిపించని మనుషుల మధ్య ఆ మాట నడుచుకుంటూ వచ్చి లెక్కలపిల్ల దగ్గర ఆగింది.

"ఉన్నావా, గైడమ్మా?"

"ఉన్నా."

గొలుసు మూసుకుంది. మైకక్క టీ నీళ్ళ కోసం గిన్నె వెతకసాగింది. లెక్కలపిల్ల మాత్రం కదల్లేదు. 'ఉ' కీ 'న్నా'కీ మధ్య ఏదో ఉంది. పొడి ఆకు మీద గోరు గీసినట్టు సన్నటి చప్పుడు. ఆ చప్పుడు ఆమెకు తెలుసు. తొమ్మిది రోజులు దాని పక్కనే కూర్చుంది.

గైడమ్మ టెంటు దాకా చేతులతో తడుముకుంటూ వెళ్ళి, బయటే మోకాళ్ళ మీద కూర్చుని, చేతి గడియారం కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. పొట్ట కనిపించదు. చెవితోనే లెక్కపెట్టింది. నిమిషం తర్వాత జిప్పు లాగి లోపలికి తల పెట్టింది. గైడమ్మ కూర్చుని ముందుకు వంగి ఉంది, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి.

"ముప్పై ఆరు" అంది లెక్కలపిల్ల.

"ఏంటి?"

"మీ ఊపిరి. నిమిషానికి ముప్పై ఆరు. పెద్దవాళ్ళకి ఇరవై దాటకూడదు."

గైడమ్మ నవ్వబోయింది, నవ్వుకి గాలి చాలలేదు. "ఆయాసం, తల్లీ. మామూలే. ఎండొస్తే... తగ్గుతుంది."

"మందు?"

గైడమ్మ చెయ్యి జేబు దాకా వెళ్ళి ఆగింది. అది చూసి లెక్కలపిల్లకు అర్థమైంది. మొన్న నీళ్ళలో తడుముకున్న జేబు. ఇన్‌హేలరు ఆ రోజే నది అడుగున పడింది. తను వెనక్కి తిరిగినందుకు.

"ఎందుకు చెప్పలేదు?"

"చెబితే... నువ్వు మళ్ళీ పడవ... ఎక్కేదానివా?"

డాక్టరమ్మను పిలిచారు. ఆవిడ వస్తూనే, "నేను పళ్ళ డాక్టర్ని" అంది, కానీ గైడమ్మ పెదాల రంగు చూసి, గోళ్ళ రంగు చూసి, లెక్కలపిల్ల వైపు తిరిగి, "ఎన్ని?" అని అడిగింది. ఎనిమిది కూడా పూర్తిచేయని మనిషిని డాక్టరు అడగడం. లెక్కలపిల్ల చెప్పింది. డాక్టరమ్మ మళ్ళీ లెక్కపెట్టలేదు. తలూపి మందుల పెట్టె తెచ్చింది. అందులో ఇంకో ఇన్‌హేలరు ఉంది. ఊపితే చప్పుడు లేదు. రెండుసార్లు పొడి పొడిగా పొగ వచ్చి ఆగిపోయింది. ముప్పై ఆరు ముప్పై రెండయింది. అక్కడే నిలిచింది.

ఫోను తిప్ప మీద పలకదు. పలికేది దిగువన చెక్‌పోస్టు రేవు దగ్గరే, పడవ మీద గంటన్నర దూరం.

"మంచులో... పడవ దించొద్దని... చెప్పిందెవరు?" అంది గైడమ్మ.

"మీరే."

"మరి?"

"మీరు ముప్పై రెండు."

గైడమ్మ కుడి గట్టు వదలకుండా పొమ్మని చేత్తో చూపించింది. రెల్లు చేతికి తగులుతూ ఉంటే దారి తప్పరు. నీళ్ళు చొరని సామాను సంచుల మీద దుప్పట్లు పరిచి, ఆనుకుని కూర్చునేలా ఆమెను పెద్ద పడవ మధ్యలో పెట్టారు. వెనక మైకక్క. ముందు లెక్కలపిల్ల. మిగతా ఇద్దరూ రెండో పడవలో. చిన్న పడవను ఇసుక మీద బోర్లించి వదిలేశారు.

"మీరు కనబడకపోతే?" అంది బ్యాంకావిడ భయంగా.

"కనబడక్కర్లేదు, వినబడతాను" అంది మైకక్క.

ఎక్కే ముందు లెక్కలపిల్ల, "అక్కా, నేను వెనక కూర్చుంటాను" అంది. వెనక కూర్చుంటే గైడమ్మ కనిపిస్తుంది. భుజాలు లేచి దిగడం కనిపిస్తుంది.

"నీకు దారి పట్టడం వచ్చా?"

రాదు. ముందే కూర్చుంది. గైడమ్మ వైపు తిరగకుండానే, "మాట రాకపోతే పడవ అంచు మీద తట్టండి. ఒక్కసారి తడితే ఉన్నట్టు" అంది.

పడవ తెల్లదనంలోకి జారింది. ముందు ఏమీ లేదు. పడవ కొస కూడా సగమే ఉంది. కుడి చేతి పక్కన రెల్లు ఒక్కొక్క కాడగా పుట్టి, మొహానికి రాసుకుని, మాయమవుతోంది. నీళ్ళూ మంచూ ఒకటే అయిపోయి, పడవ గాలిలో వెళ్తున్నట్టుంది. పది తెడ్లకొకసారి అడుగుతోంది.

"ఉన్నావా?"

టక్.

రెండడుగులు ముందుకు. కొసలు కలపాలి. రెండడుగులు వెనక్కి.

"ఉన్నావా?"

టక్.

దూరంగా రెండో పడవ నుంచి, "ఎటు?" అని వినపడినప్పుడల్లా మైకక్క, "ఇటు, ఇటు, నా గొంతు పట్టుకుని రండి" అంటోంది. ఉతుకుడు గదిలో అందరూ చెవులు మూసుకునే ఆ గొంతు మంచులో తాడులా సాగుతోంది. ఎంతసేపు వెళ్ళారో తెలియదు. ఒకచోట పాప నవ్వు వినిపించింది, అది నీటికోడి అయ్యుంటుంది. ఒకచోట అమ్మ దగ్గు వినిపించింది. అమ్మ పోయిన రోజు కూడా ఆమె పక్కనే కూర్చుని ఉంది, కళ్ళు మూతపడ్డాయి ఒక్క క్షణం. ఆ క్షణం సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

"ఉన్నావా?"

చప్పుడు లేదు.

"గైడమ్మా, ఉన్నావా?"

లేదు.

నడుములో ఆ పాత తాడు లాగింది, రాత్రికి ఏడెనిమిది సార్లు లాగే తాడు. తిరిగి చూడు, వేలు పెట్టు, పొట్ట చూడు. ఒక్కసారి చూస్తే చాలు. ఎడమ భుజం అప్పుడే తిరగడం మొదలుపెట్టింది. పడవ కొద్దిగా ఒరిగింది. ఆ ఒరగడం ఆమె తుంటికి తెలిసింది.

భుజాన్ని ముందుకు తెచ్చుకుంది. తెడ్డు నీళ్ళలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. మూసుకోవాలనుకుని మూసుకోవడం ఆమె జీవితంలో అదే మొదలు.

"అక్కా" అంది.

"ఉంది, పిల్లా" అంది మైకక్క. దుప్పటి పట్టుకుని నిలబడ్డ ఆ మధ్యాహ్నపు గొంతుతో, మెల్లగా. "చెయ్యి అలిసి ఒళ్ళో పడింది, అంతే. భుజాలు కదులుతున్నాయి. నేను చూస్తున్నా. కన్ను తిప్పను. నువ్వు ముందుకు చూడు."

లెక్కలపిల్ల లెక్కపెట్టలేదు. తెడ్డు దింపింది.

ఆ తర్వాత ఆమె అడగడం మానలేదు. జవాబు మాత్రం మైకక్క చెప్పింది, ప్రతిసారీ. రేవు మెట్లు మంచులోంచి ఒక్కొక్కటిగా తేలి వచ్చేదాకా. చెక్‌పోస్టు మనిషి టీ గ్లాసు వదిలేసి పరిగెత్తాడు. అంబులెన్సు వచ్చేసరికి మంచు పలచబడి సూర్యుడు నాణెం అంత అయ్యాడు. మొహానికి ఆక్సిజన్ పెట్టి ఎక్కిస్తుంటే గైడమ్మ చెయ్యి బయటికి చాచి, బండి తలుపు మీద ఒక్కసారి తట్టింది. టక్.

లెక్కలపిల్ల మధ్యాహ్నం ఇల్లు చేరింది. చెప్పులు వాకిట్లోనే వదిలి గదిలోకి వెళ్తే, పాప మంచం మీద చేతులు రెండూ తల పక్కన పడేసి నిద్రపోతోంది. పక్కన పీట మీద అత్తగారు, కళ్ళద్దాలు ముక్కు కొసకు జారి, పెన్సిలు చేతిలో. నోటు పుస్తకంలో గళ్ళన్నీ నిండి ఉన్నాయి. అంకెలు కావు, నిలువు గీతలు. పదేసి గీతలకొక అడ్డగీత. రాత్రి గళ్ళల్లో కూడా.

"నిద్రపోతానన్నారుగా" అంది.

"నువ్వు గళ్ళు గీసి పోయావు. ఖాళీ గళ్ళు చూస్తే నాకు నిద్ర పట్టదని అప్పుడే తెలిసింది" అంది అత్తగారు విసుగ్గా. "అంతా ఇరవై ఆరు, ఇరవై ఏడు. నీ కూతురికి వేరే అంకె రాదు. ఇంతకీ, నువ్వెలా ఉన్నావు?"

"బాగున్నా."

అత్తగారు కళ్ళద్దాలు పైకి తోసుకుని చూసింది. "మళ్ళీ అడుగుతున్నా. ఎలా ఉన్నావు?"

లెక్కలపిల్ల మంచం అంచున కూర్చుంది. చెప్పడం మొదలుపెట్టింది, తన అమ్మ దగ్గర కళ్ళు మూతపడ్డ క్షణం నుంచి. సగంలోనే మాటలు తడబడ్డాయి, తల వాలింది. పాపకు వీపు పెట్టి, గోడ వైపు తిరిగి పడుకుంది. వెనక్కి చూడాలనిపించింది. గోడ మీద ఎండ నీళ్ళలా కదులుతోంది.

"అత్తయ్యా, ఉందా?"

"ఉంది. నేను చూస్తున్నాగా. పడుకో."

సాయంత్రం దీపాలు పెట్టేవేళకు కూడా ఆమె లేవలేదు. పాపే వచ్చి ముక్కు కింద వేలు పెట్టింది.

గైడమ్మ మూడు వారాలకే మళ్ళీ పడవ దించిందట. మైకక్క ఫోను చేస్తే, ఆ గొంతు వినలేక ఫోను దూరంగా పెట్టుకుని నవ్విందట. జేబులో ఇప్పుడు రెండు ఇన్‌హేలర్లు పెట్టుకుంటానంది. పెట్టుకుంటుందో లేదో ఇంత దూరం నుంచి చూడలేం. అందుకని ఒక్క మాట. మీలో ఎవరైనా, ఏమీ రాకపోయినా ఫరవాలేదన్న కాగితం చూసి ఆ నదికి వెళ్తే, గొలుసు చివర నిలబడి ఆమెను అడగండి. 'ఉన్నా' అంటుంది, వెంటనే అంటుంది. ఆ మొదటి మాటతో వెనక్కి వచ్చేయకండి. ఒక నిమిషం అక్కడే కూర్చుని వినండి. ఆ డబ్బాలు రెండూ తీయించి, చెవి దగ్గర పెట్టి, ఊపి చూడండి.